తెలంగాణ సాయుధ పోరాటం, ఇప్పటి మన బతుకులో దాని జాడలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబరు దగ్గర పడిందంటే చాలు, ఏటా అవే ప్రశ్నలు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు అడుగుతారు, భూమి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే రైతులు అడుగుతారు, తాత దళంలో తిరిగాడని విన్న మనవలు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి, పాలమూరు వైపు వాళ్లను మనసులో పెట్టుకుని రాశాను. ఎవరికి కావలసింది వాళ్లు నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు.

## అసలేం జరిగింది

నల్లగొండలో జరిగింది నిజంగా యుద్ధమేనా? ఎవరి మీద ఎవరు చేశారు?

యుద్ధమే. కాకపోతే మధ్యలో ఎదుటివాడు మారాడు. 1946లో మొదలైనప్పుడు వెట్టికి, భూముల గుంజుకోలుకు ఎదురు తిరిగిన ఊరి జనం ఒకవైపు, దేశ్‌ముఖులనే పెద్ద భూస్వాములు, వాళ్ల గూండాలు, నిజాం పోలీసులు ఇంకోవైపు. అప్పుడు జనం చేతిలో ఉన్నవి గుతపలు, వడిసెలలు, కారంపొడి. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. అప్పటికి నిజాంకు కొమ్ముకాసే రజాకార్ల సేన దాడులు పెరిగాయి, దళాల చేతికి తుపాకులు వచ్చాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలనకు తెర దించింది. పోరాటం మాత్రం ఆగలేదు. ఆ తర్వాత మూడేళ్లు దళాలు తలపడింది భారత సైన్యంతో, పోలీసులతో. 1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది. అందుకే 1947లో రజాకార్ల చేతిలో పోయినవాళ్ల పేర్లు, 1949లో మిలిటరీ కాల్చి చంపినవాళ్ల పేర్లు ఒకే అమరుల స్తూపం మీద కనిపిస్తాయి. ఇప్పటి తగువులన్నిటికీ మూలం ఈ రెండు పేర్ల వరుసలే.

ఎక్కడ మొదలైంది? ఒకరు కడవెండి అంటారు, ఒకరు పాలకుర్తి అంటారు, ఇంకొకరు భువనగిరి అంటారు.

ముగ్గురూ తప్పు చెప్పడం లేదు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభతో ఆ సంస్థ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. పల్లెల్లో దాన్నే 'సంఘం' అన్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం మీద విసునూరు దేశ్‌ముఖు కన్నేస్తే, సంఘం వాళ్లు అండగా నిలబడి పంటను ఆమె ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళ్తున్న జనం మీద దేశ్‌ముఖు మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమురయ్య చనిపోయాడు. పరీక్షలో 'తొలి అమరుడు' అని అడిగితే రాయాల్సింది కొమురయ్య పేరే. అంతకంటే ముందే అదే దేశ్‌ముఖు మీద భూమి కోసం కోర్టుకెక్కి గెలిచి, ఆ పగకు బలైన కామారెడ్డిగూడెం బందగీని మరిచిపోవద్దని నా మనవి.

కడవెండి జనగామ జిల్లాలో ఉంది కదా, మరి నల్లగొండ పోరాటం అని ఎందుకంటారు?

అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. తర్వాత వరంగల్‌లో కలిసింది, 2016లో సొంతంగా జిల్లా అయింది. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి కూడా అదే ఏడాది విడిపోయాయి. పాత కాగితాల్లో ఊరి పేరు వెతికేటప్పుడు ఇప్పటి జిల్లా కాకుండా అప్పటి తాలూకా పేరు పట్టుకోవాలి. లేకపోతే రోజంతా వెతికినా ఏమీ దొరకదు.

పాలమూరులో ఏమీ జరగలేదా? అన్ని పుస్తకాల్లో నల్లగొండే ఉంటుంది.

జరిగింది, కాకపోతే తీరు వేరు. పాలమూరులో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట లాంటి సంస్థానాలు ఉండేవి. నల్లగొండలో ఉన్నంత గట్టిగా సంఘం అక్కడ వేళ్లూనలేదు. అయినా 1947 అక్టోబరులో అప్పంపల్లిలో నిజాం పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు. ఆ ఊరి పేరు పాలమూరు దాటి పెద్దగా వినిపించకపోవడం అన్యాయం. సైన్యం వచ్చాక మైదానాల్లో నిలవలేని దళాలు కొన్ని నల్లమలకు చేరాయి. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డిది, 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావుది కూడా పాలమూరే.

ఆడవాళ్లు నిజంగా తుపాకీ పట్టారా, లేక గొప్పకు చెప్తారా?

పట్టారు. మల్లు స్వరాజ్యం దళ నాయకురాలు, ఆమె తల మీద పది వేల రూపాయల వెల ఉండేది. తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. 2022 మార్చిలో చనిపోయాక ఆమె భౌతికకాయాన్ని నల్లగొండ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి అసెంబ్లీకి వెళ్లారు. ఇవి పేరొచ్చిన వాళ్ల సంగతులు. పోరాటం ఆగాక చాలామంది ఆడవాళ్లను 'ఇక ఇంటికి పోండి' అన్నారు. ఆ బాధను తర్వాత రోజుల్లో వాళ్లే నోరు తెరిచి చెప్పుకున్నారు. ఆ మాటలు మాత్రం సభల్లో పెద్దగా వినిపించవు.

## సెప్టెంబరు 17 గొడవ

విమోచనమా, విలీనమా, విద్రోహమా? ఏమని రాస్తే తప్పు కాదు?

ఎవరు అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి 'హైదరాబాద్ విమోచన దినం' అంటోంది. అదే ఏడాది అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 'తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవం' అంది. 2024లో కాంగ్రెస్ ప్రభుత్వం 'ప్రజాపాలన దినోత్సవం' చేసింది. కమ్యూనిస్టు పార్టీలు ఆ వారమంతా సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతాయి, వాళ్ల మాట విలీనం. ఆ రోజును విద్రోహంగా చూసే వర్గాలూ ఉన్నాయి. జవాబు పత్రంలో 'హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన రోజు' అని రాయండి, ఎవరూ మార్కులు తగ్గించలేరు. నా మట్టుకు నాకు ఈ పేర్ల పోటీలో భూమి ఊసే లేకపోవడం వింతగా అనిపిస్తుంది. కడవెండి జనం ఊరేగింపు తీసింది జెండా కోసం కాదు.

మహారాష్ట్ర, కర్ణాటక వాళ్లు ఎప్పటి నుంచో జరుపుకుంటున్నారు. మనకే ఎందుకీ తగువు?

మరాఠ్వాడాలో, కలబురగి వైపు పోరాటాన్ని ఎక్కువగా నడిపింది హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్. వాళ్లకు సైన్యం రాకతో కథ సుఖాంతం. తెలంగాణలో అదే సైన్యం ఆ తర్వాత సంఘం ఊళ్లను చుట్టుముట్టింది. ఒకే ఇంట్లో అన్నను రజాకార్లు, తమ్ముణ్ని మిలిటరీ చంపిన చోట ఆ రోజున పండగ చేయాలో, దినం పెట్టాలో ఎవరు తేలుస్తారు? పైగా 1956 తర్వాత ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వాలు ఈ తేదీ జోలికి పోలేదు. పలకని ఆ ఖాళీలోకి తర్వాత పార్టీలన్నీ దిగాయి.

పోలీసు చర్య అంటారు. వచ్చింది పోలీసులా, సైన్యమా?

సైన్యమే. 1948 సెప్టెంబరు 13న మొదలై, 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించడంతో ఆగింది. 18న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి వచ్చింది. విజయవాడ వైపు నుంచి వచ్చింది మాత్రం మన దారినే. వెనక్కి తగ్గుతూ నిజాం సైనికులు సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చేశారు, నార్కట్‌పల్లి దగ్గర మళ్లీ దెబ్బ తిన్నారు. ఇప్పుడు టోల్ కట్టుకుంటూ మనం పోయే విజయవాడ హైవే దాదాపు అదే బాట.

ముస్లింలకు ఏం జరిగిందో ఎవరూ చెప్పరెందుకు?

చెప్పడం ఎవరికీ లాభం కాదు గనుక. రజాకార్లు చేసిన ఘోరాలు నిజం. గుండ్రాంపల్లి, బైరాన్‌పల్లి ఊళ్లు అందుకు సాక్ష్యం. సైన్యం వచ్చిన తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండా నిజమే. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయిన వాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువగా జరిగింది. ఆ నివేదికను చాలా ఏళ్లు బయటపెట్టలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి: నిజాం మీద పోరాటానికి పిలుపునిచ్చిన మఖ్దూం ముస్లిం, దేశ్‌ముఖు మీద కోర్టుకెక్కిన బందగీ ముస్లిం, రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిం. మతం లెక్కతో చెప్పే కథలో ఈ ముగ్గురికీ చోటు దొరకదు.

## భూమి, కాగితాలు

పోరాటంలో పది లక్షల ఎకరాలు పంచారంటారు. ఆ భూమి ఇప్పుడెవరి దగ్గర ఉంది?

మూడు వేల ఊళ్లలో పది లక్షల ఎకరాలు పంచామన్నది పార్టీ చెప్పే లెక్క. అందులో చాలా భాగం నిలవలేదు. సైన్యం వెనకాలే దొరలు తిరిగొచ్చారు, చాలామంది అప్పటికే ఖద్దరు టోపీ పెట్టుకున్నారు. పంచిన భూముల్లో తిరిగి గుంజుకున్నవి గుంజుకోగా, బంచరాయి, పోరంబోకు లాంటివి కొంతవరకు సాగుదారుల చేతిలోనే ఉండిపోయాయి. అంతకంటే పెద్ద ఫలితం చట్టాల రూపంలో వచ్చింది. 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చాయి. పల్లెలు అంత అట్టుడికి ఉండకపోతే ఇవి అంత తొందరగా వచ్చేవి కావు.

మా పాత కాగితంలో 'రక్షిత కౌలుదారు' అని ఉంది. దానికి ఇప్పుడు విలువ ఉందా?

ఉంది, పారేయకండి. 1950 కౌలుదారీ చట్టం కింద ఏళ్ల తరబడి కౌలు చేస్తున్నవాళ్లను గుర్తించి రిజిస్టరులో ఎక్కించారు. వాళ్లే రక్షిత కౌలుదారులు, ఆఫీసు భాషలో 'పీటీ'. తర్వాత అదే చట్టంలోని 38-ఈ సెక్షన్ కింద చాలామందికి యాజమాన్య సర్టిఫికెట్లు ఇచ్చారు. చిక్కు ఎక్కడంటే, సర్టిఫికెట్ కౌలుదారు ఇంట్లో ఉండిపోయింది, పట్టా మాత్రం పాత యజమాని పేరు మీదే నడిచింది. ఎకరం వేలల్లో ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, కోట్లకు చేరాక ఇద్దరి మనవలూ కోర్టులో ఎదురుపడుతున్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఈ కేసులు మరీ ఎక్కువ. మీ దగ్గర అలాంటి కాగితం ఉంటే ముందు సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి, భూమి కేసులు చూసే లాయరుకు చూపించండి. మధ్యలో ఎవరైనా 'ఇంత ఇస్తాం, సంతకం పెట్టు' అంటే ఆ రోజుకు సంతకం పెట్టకండి.

భూమి కేసులో ప్రతివాళ్లూ 1954-55 ఖాస్రా పహాణీ తెమ్మంటారు. ఆ ఏడాదే ఎందుకు?

పోరాటం ముగిసి, జాగీర్లు పోయి, కొత్త చట్టాలు వచ్చాక ఎవరి చేతిలో ఏ భూమి ఉందో ఊరూరా నమోదు చేసిన తొలి పెద్ద రికార్డు అది. తెలంగాణలో హక్కుకు మొదటి మెట్టుగా దాన్నే చూస్తారు. పట్టాదారు ఎవరు, సాగు చేస్తున్నది ఎవరు అన్నది వేర్వేరు గడుల్లో ఉంటుంది. మీ తాత పేరు ఏ గడిలో ఉందో చూడటమే అసలు పని. సాగు గడిలో పేరుండి పట్టా గడిలో లేకపోతే కథ ఇంకా ఉందని అర్థం. అంతకుముందు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి, చదివించుకోవాలి. ధరణి వచ్చినా, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినా, తగువు ముదిరితే చివరికి చూసేది ఈ పాత పేజీలనే.

పోచంపల్లి భూదానానికీ ఈ పోరాటానికీ సంబంధం ఉందా?

నేరుగా ఉంది. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని వినోబా భావే పోరాటం నడుస్తున్న నల్లగొండ పల్లెల్లోకి నడిచి వచ్చారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు తమకు 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచారు. తుపాకీ చప్పుడు వినిపిస్తున్న జిల్లాలో ఆ మాట పుట్టడం కాకతాళీయం కాదు.

భూదాన్ భూమి తక్కువ ధరకు వస్తోంది, కొనొచ్చా?

వద్దు. భూమి లేని పేదలు సాగు చేసుకుని బతకడానికి ఇచ్చింది అది, అమ్మకానికి కాదు. తక్కువ ధరకు రావడమే మీకు హెచ్చరిక.

## ఓట్లు, విగ్రహాలు, పేర్లు

రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయన్నది నిజమేనా?

నిజమే. 1952 ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఆయనకు 3 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. చిన్న వివరం ఒకటి: అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. నెహ్రూ పోటీ చేసిన చోటూ అలాంటిదే గనుక పోలిక చెల్లుతుంది. నల్లగొండ నుంచి రెండో సభ్యుడిగా ఎస్సీ స్థానంలో గెలిచిన సుంకం అచ్చాలు పేరును మాత్రం ఎవరూ తలచుకోరు. అది కూడా చెప్పుకోవాల్సిన గెలుపే.

అంత బలమున్న కమ్యూనిస్టులు ఇప్పుడు నల్లగొండలో ఎందుకు గెలవడం లేదు?

ఒక్కసారిగా పోలేదు. నకిరేకల్ నుంచి నర్రా రాఘవరెడ్డి ఆరుసార్లు గెలిచారు. నల్లగొండ ఎంపీగా బొమ్మగాని ధర్మభిక్షం, 2004లో కూడా సురవరం సుధాకర్‌రెడ్డి గెలిచారు. 1964లో పార్టీ చీలడం మొదటి దెబ్బ. చీలాక ఒకే స్తూపం దగ్గర రెండు సభలు జరిగాయి. భూమి తర్వాత జిల్లాను పీడించిన ఫ్లోరైడ్ నీళ్ల సమస్యను 1996 లోక్‌సభ ఎన్నికల్లో దేశం చెవిలో వేసింది బరిలో నిలిచిన 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ ఒక పుస్తకమంత అయింది. ఆ తర్వాత తెలంగాణ ఉద్యమం వచ్చి పాత పోరాటం మాటలను, పాట బాణీలను తనలో కలిపేసుకుంది. ఓట్లూ అటే నడిచాయి. ఇప్పటి ఎన్నికల ఖర్చు సంగతి మునుగోడు ఉప ఎన్నిక చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఐలమ్మ, కొమురయ్య ఇప్పుడు అన్ని పార్టీలకూ దగ్గరివాళ్లు ఎలా అయ్యారు?

వాళ్లను మొదట గుర్తుపెట్టుకున్నది పార్టీ. తర్వాత రజక, కురుమ సంఘాలు 'మా మనిషి' అని ముందుకు తెచ్చాయి. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వమే జయంతులు, వర్ధంతులు జరుపుతోంది. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఇది మంచిదే. పెద్ద కులాల నాయకుల ఫోటోల వెనక దశాబ్దాలు ఉండిపోయినవాళ్లు ముందు వరుసలోకి వచ్చారు. నాకున్న అసంతృప్తి ఒక్కటే: దండ వేసే ప్రసంగాల్లో ఐలమ్మ 'వీరనారి' అవుతుంది గానీ కౌలురైతు కాదు. ఆమె కొట్లాడింది కౌలు పొలంలో పండిన వడ్ల కోసం. ఈనాటి కౌలురైతుకు బ్యాంకు లోను రాదు, పంట నష్టపోతే పరిహారం పట్టాదారు ఖాతాలో పడుతుంది. ఆ సంగతి ఆ సభలో ఎవరైనా ఎత్తితే బాగుండు.

మా ఊరి స్తూపం మీద పేర్లు చదవరావడం లేదు. మళ్లీ చెక్కించవచ్చా?

చెక్కించే ముందు ఫోటోలు తీయండి. ఏటా సెప్టెంబరుకు ముందు ఎర్ర రంగు వేసీ వేసీ అక్షరాల గాడులు పూడిపోయి ఉంటాయి. పొద్దున్నే, ఎండ పక్కవాటుగా పడేటప్పుడు తీస్తే నీడలో అక్షరం తేలుతుంది. ఇంటిపేరు, తండ్రి పేరు ఊళ్లో పెద్దవాళ్లతో సరిచూసుకోండి. కొత్త గ్రానైట్ పలక వేస్తే పాత రాయిని పగలగొట్టకండి, పక్కన నిలబెట్టండి. కొత్త పలకల మీద పేర్ల కంటే దాతల జాబితా పొడుగ్గా ఉండటం ఈమధ్య చూస్తున్నాం, అది కొంచెం తగ్గించుకోవచ్చు.

## ఇంట్లోవాళ్ల సంగతి

తాత స్వాతంత్ర్య సమరయోధుడు. ఆ పెన్షన్ మనవడికి వస్తుందా?

రాదు. కేంద్ర పెన్షన్ సమరయోధుడి తర్వాత భార్యకో భర్తకో, వాళ్ల తర్వాత పెళ్లికాని, సంపాదన లేని కూతుళ్లకు వర్తిస్తుంది. కొడుకులకు, మనవలకు లేదు. అసలు అర్హతకు మామూలుగా ఆరు నెలల జైలు ఉండాలి, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు మూడు నెలలు. రికార్డు లేక అజ్ఞాతంలో తిరిగిన చాలామంది నిజమైనవాళ్లు మిగిలిపోయారు, కాగితం పుట్టించుకున్న కొందరు లోపలికి పోయారు. 'మేం ఇప్పిస్తాం' అని డబ్బు అడిగేవాళ్లను దగ్గరికి రానీయకండి.

తాత జైలుకు పోయాడని విన్నాం. రుజువు ఎక్కడ దొరుకుతుంది?

హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలం రికార్డులు ఉన్నాయి. తాత పేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, సుమారుగా ఏ సంవత్సరమో రాసుకుని వెళ్లండి. ఉర్దూలో రాసినప్పుడు మన ఇంటిపేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి, ఒకే పేరును నాలుగైదు రకాలుగా వెతకాలి. ఉర్దూ వచ్చినవాళ్లు తోడుంటే సగం పని అయినట్టే.

అవ్వకు తొంభై దాటాయి. ఆమెతో మాట్లాడి రికార్డు చేయాలంటే ఏం అడగాలి?

తారీఖులు అడగకండి, ఆమె విసుక్కుంటుంది. 'మిలిటరీ వచ్చినప్పుడు నీకెన్నేళ్లు, పెళ్లయిందా' అని అడిగితే కాలం దానంతటదే తేలుతుంది. ఎవరి పొలం ఎవరు దున్నారు, దొర గడికి ఎవరు ఏం మోశారు, రాత్రిళ్లు అన్నం ఎవరికి పెట్టారు, ఇంట్లో ఎవరు దెబ్బలు తిన్నారు అని అడగండి. నలుగురు చుట్టాలు కూర్చుంటే అవ్వ మాట్లాడదు, వాళ్లే మాట్లాడతారు, కాబట్టి ఒక్కరే వెళ్లండి. ఫోన్ దగ్గరగా పెట్టండి, ఫ్యాన్ ఆపేయండి. ఊళ్లో ఇంకా బతికున్నవాళ్ల మీద ఆమె ఏదైనా చెప్తే దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఆ ఇళ్ల మధ్య పొలం గట్టు తగువు ఇప్పటికీ నడుస్తూ ఉండొచ్చు.